పెంచిన చేతికే కాటా, కత్తి

ఛత్తీస్‌గఢ్ రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లోని తోర్వాలోనూ, దాని చుట్టుపక్కల కాలనీలలోనూ, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైల్వే కొలువులకు వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆదివారం కోడికూర ఎంత మామూలో, ఆ పట్టణానికి బస్సు దూరంలో ఉన్న కోటా, మస్తూరి, తఖత్‌పూర్ పల్లెలలో పెరటి కోళ్లు అంత మామూలు. అయినా పెంచేవారికీ తినేవారికీ మధ్య చేతులు చాలా ఉన్నాయి. కొనుగోలుదారు కట్టిన సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం ఆ చేతుల్లోనే ఆగిపోతుంది.

చిన్న పెంపకందారు దెబ్బతినేది ఎక్కువగా అమ్మకం దగ్గర. బ్రాయిలర్, అంటే మాంసం కోసమే వృద్ధి చేసిన కోడి, సుమారు ఆరు వారాలలో రెండు కిలోలు తూగుతుంది. ఆ తరువాత దాన్ని షెడ్డులో ఉంచిన ప్రతి రోజూ దాణా ఖర్చు పెరుగుతుంది గాని బరువు ఆ లెక్కన పెరగదు. మొత్తం ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు దాణాదే కాబట్టి, వ్యాపారి రెండు రోజులు ఆలస్యం చేస్తే చాలు, చెప్పిన ధరకు తల ఊపవలసి వస్తుంది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ద్వారా గుడ్ల రైతులు తమ ధరను తామే ప్రకటించుకునే పద్ధతి తెచ్చుకున్నారు; కానీ గుడ్డును కొన్నాళ్లు నిల్వ ఉంచవచ్చు, తిండి తింటున్న కోడిని ఆపలేరు. కంపెనీయే పిల్లలను, దాణాను, మందులను ఇచ్చి, పెంచినందుకు కిలోకు ఇంత అని కూలి చెల్లించే ఒప్పందపు పెంపకం, అంటే ఇంటిగ్రేషన్, 1990ల నుంచి కోయంబత్తూరు వైపు నుంచి దేశమంతా విస్తరించింది. అయితే కంపెనీ లారీకి వేల కోళ్ల షెడ్డు కావాలి. నాలుగు వందల కోళ్లున్న ఇల్లు దాని దారిలో లేదు.

ఆ నాలుగు వందల కోళ్ల ఇళ్లనే పునాదిగా చేసుకున్న ప్రయోగం, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న కాలంలోనే, ఇటార్సీ–బేతుల్ దారిలోని కేస్లాలో మొదలైంది. ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో గోండు, కోర్కు మహిళలు తమ ఇళ్ల పక్కనే చిన్న షెడ్లు కట్టుకుని బ్రాయిలర్లను పెంచసాగారు. వారి సహకార సంఘం 2001లో నమోదయింది, అటువంటి సంఘాలను కలుపుతూ 2006లో రాష్ట్రస్థాయి మహిళా ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది. ఈ పద్ధతిలో అసలైన తెలివి లెక్కల పుస్తకంలో ఉంది. సంఘం పిల్లకూ, దాణాకూ, పెరిగిన కోడికీ లోపలి ధరలను ముందే నిర్ణయిస్తుంది. ఆ వారం బజారు పడిపోయినా లేచినా సభ్యురాలి ఆదాయం ఆమె పెంపకపు నేర్పును బట్టే ఉంటుంది. ఉదాహరణకు నాలుగు వందల కోళ్లు సగటున 1.8 కిలోలు తూగితే మొత్తం 720 కిలోలు. కిలో బరువుకు 1.7 కిలోల దాణా వాడిన ఇంటికన్నా 1.6 కిలోలతో సరిపెట్టిన ఇల్లు ఒక్క విడతలో 72 కిలోల దాణా మిగుల్చుకుంటుంది. తడిసిన వరిపొట్టును వెంటనే తీసివేయడం, కొక్కెర తెగులు టీకాను వేళకు వేయడం, మేత తొట్టెను నిండుగా నింపకుండా కొద్దికొద్దిగా పోయడం వంటి పనుల విలువ ఇలా రూపాయలలో కనబడుతుంది. బజారు ఒడిదుడుకులను సంఘమే మోస్తుంది. వ్యాపారి ముందు నిలబడవలసిన స్త్రీ తలపై నుంచి ఆ భారాన్ని దించడం ఈ పద్ధతి సాధించిన అతి పెద్ద మేలు.

కేస్లా సంఘం సుఖ్‌తవా చికెన్ అనే పేరుతో దగ్గరి పట్టణాలలో అమ్మకాన్ని కూడా చేపట్టింది. ప్రాణంతో ఉన్న కోడిని దూరం పంపితే దారిలో బరువు తరుగుతుంది, కొన్ని చనిపోతాయి. దగ్గరలోనే కోసి అమ్మితే ఆ నష్టం తగ్గడమే కాక, కోత కూలి, దుకాణపు లాభం కూడా సభ్యులవే అవుతాయి. శుభ్రమైన చిన్న కోతశాలకు కావలసినవి ఏమంత ఎక్కువ కావు: కోడిని తలకిందులుగా నిలిపే గరాటు, రక్తం పూర్తిగా కారడానికి ఒకటి రెండు నిమిషాల వ్యవధి, దాదాపు 60 డిగ్రీల వేడినీరు, ఈకలు ఊడదీసే రబ్బరు వేళ్ల డ్రమ్ము, పేగులు తీయడానికి విడి గది, మాంసాన్ని 4 డిగ్రీలకు చల్లబరిచే ఏర్పాటు. ఈకల గది నీరు మాంసపు గదిలోకి రాకుండా నేల వాలు కట్టడం యంత్రాలకన్నా ముఖ్యం. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం రోజుకు 50 కోళ్లకు మించకుండా కోసేవారు చిన్న వ్యాపారుల కింద నమోదు చేసుకుంటే చాలు, అంతకు మించితే లైసెన్సు తప్పనిసరి. అమెరికాలో కూడా ఏడాదికి 20,000 వరకు సొంత కోళ్లను కోసుకునే రైతులకు, కొన్ని షరతులతో, ప్రతి కోడికీ తనిఖీ అనే నిబంధన నుంచి మినహాయింపు ఉంది.

తోర్వా వంటి చోట అమ్మకానికి మరో చిక్కుంది: శ్రావణ మాసంలో చాలామంది మాంసం మానేస్తారు. ఉత్తరాది పూర్ణిమాంత లెక్కలో శ్రావణం తెలుగువారి అమాంత శ్రావణానికి పక్షం రోజుల ముందే మొదలవుతుంది. రెండు సంప్రదాయాలవారూ ఉన్న పట్టణంలో మాంసం గిరాకీ తగ్గే కాలం దాదాపు నెలన్నరకు సాగుతుంది. ఒక విడత కోళ్లు పెరగడానికి పట్టేది కూడా అంతే కాబట్టి, పంచాంగం చూసుకుని జ్యేష్ఠంలోనే పిల్లల సంఖ్యను తగ్గించుకోవాలి. విడివిడిగా ఉన్న ఇళ్లు ఈ పని చేయలేవు, సంఘం చేయగలదు.

కంపెనీల చట్టానికి 2002లో జరిగిన సవరణ వల్ల పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీని నమోదు చేసుకోవచ్చు. వాటాలు ఎన్ని ఉన్నా వ్యక్తిగత సభ్యునికి ఓటు ఒకటే. కానీ మేనేజరుకు, టీకాలు వేసే మనిషికి జీతమిచ్చే శక్తి పది షెడ్లకు ఉండదు. బిలాస్‌పూర్ పల్లెల స్వయం సహాయక సంఘాలు ఈ దారి పట్టదలిస్తే, కోత యంత్రం కొనడానికి ముందు ఒకే దాణా బండి తిరగగలిగే దూరంలో వంద ఇళ్లనైనా కూడగట్టాలి.