పౌలా చిప్ ఎందుకు మారలేదు?

1985 జులై 23న న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో కమోడోర్ కంపెనీ అమిగాను విడుదల చేసింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీదే ఆ కంప్యూటర్‌తో గాయని డెబ్బీ హ్యారీ బొమ్మ వేశాడు. మామూలు ఐబీఎం పీసీ అప్పటికింకా బీప్ శబ్దం దాటలేదు. అమిగా స్టీరియోలో పాడింది, 4,096 రంగులు చూపించింది.

ప్రాసెసర్ మెకింతోష్‌లో ఉన్న మోటరోలా 68000 రకమే. తేడా అంతా జే మైనర్ బృందం తయారుచేసిన మూడు చిప్‌లలో ఉంది. యాగ్నస్ మెమరీలో బొమ్మల ముక్కల్ని చకచకా తరలిస్తుంది, డెనీస్ వాటిని తెరకెక్కిస్తుంది, పౌలా నాలుగు ఛానళ్ళలో ధ్వని పలికిస్తుంది. మూడూ ప్రాసెసర్ మీద భారం వేయకుండా మెమరీ నుంచే నేరుగా పని జరుపుకుంటాయి. అందుకే పాట ఆగకుండానే బొమ్మలు కదిలేవి. తొలి అమిగా మూత విప్పితే లోపలి వైపున ఆ బృందం సంతకాలు కనిపిస్తాయి; వాటితోపాటు మైనర్ పెంపుడు కుక్క మిచీ పంజా ముద్ర కూడా!

యాజమాన్యానికి ఆ మమకారం లేదు. ఛైర్మన్ అర్వింగ్ గూల్డ్ పెట్టుబడుల మనిషి. 1982 నాటి కమోడోర్ 64ను ఖర్చు తగ్గించుకుంటూ ఏళ్ళ తరబడి అమ్మి లాభాలు చూసిన కంపెనీ అది. అమిగానూ అలాగే నెట్టుకురావచ్చనుకున్నారు. మరోవైపు ఐబీఎం తరహా పీసీల తయారీకీ దిగారు. ఇంజనీర్లు 1988లో మొదలుపెట్టిన ఏఏఏ అనే కొత్త చిప్‌ల పరిశోధనకు మాత్రం చాలినంత డబ్బు దక్కలేదు.

1992లో తాత్కాలిక ఏర్పాటుగా ఏజీఏ చిప్‌లు వచ్చాయి. రంగులు పెరిగాయి, పౌలా మాత్రం అదే 8 బిట్ల పాత పౌలా. అదే ఏడు పీసీలకు 16 బిట్ల సౌండ్ కార్డు వచ్చేసింది. 1993 డిసెంబరులో తెరమీది చుక్కలన్నిటినీ క్షణక్షణం మళ్ళీ గీసే డూమ్ ఆట పీసీలకు రావడంతో అమిగా అసలు లోపం బయటపడింది. పీసీలో ఒక చుక్క రంగు మార్చాలంటే ఒక బైటు రాస్తే చాలు. అమిగాలో ఆ రంగు సమాచారం ఎనిమిది పొరల్లో విడివిడిగా ఉంటుంది, ఎనిమిదింటినీ ముట్టుకోవాలి. 1985లో మెమరీ ఆదా చేసిన తెలివైన ఏర్పాటే ఇక్కడ గుదిబండైంది.

అమిగా పోటీదారుల ప్రతిభకు ఓడిపోయిందనడం అన్యాయం. చేతికందిన ఆధిక్యాన్ని సొంత యాజమాన్యమే కరిగించింది. 1994 ఏప్రిల్ 29న కమోడోర్ మూసివేత ప్రకటించేనాటికి ఏఏఏ నమూనా బోర్డుల దశ దాటలేదు.