ఇంటి పన్నూ, పేదవాని ఇల్లూ

2024లో ఒకనాడు తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి నన్నొక ప్రశ్న అడిగాడు. అతని కుటుంబానికి కొల్లూరులో రెండు పడకగదుల ఇల్లు మంజూరైంది. "సార్, ఇల్లు ఇచ్చింది బల్దియాయే గదా, మా గల్లీలో దీపం వెలగకపోతే బల్దియాకే అర్జీ పెట్టుకోవాలా?" అన్నాడు. ప్రశ్న చిన్నదే. కాని సరియైన జవాబు చెప్పవలెనంటే నగరపు ఖజానాను అడుగు వరకు చూడవలసి ఉంటుంది. ఆనాడు తొందరలో ఏదో చెప్పి పంపించాను. ఈ వ్యాసంతో ఆ బాకీ తీర్చుకుంటున్నాను.

'బల్దియా' అనే మాటను మన ఉర్దూ విభాగపు మిత్రులకు వివరించనక్కరలేదు. 'బల్దా' అనగా నగరం. నగర వ్యవహారాలు చూచే సంస్థ బల్దియా. హైదరాబాదులో తెలుగువారు కూడా కార్పొరేషన్ అనడం కన్న బల్దియా అనడమే ఎక్కువ. వీధులు ఊడ్చడం, చెత్త ఎత్తడం, మోరీలు, దీపాలు, తోటలు, జనన మరణాల నమోదు మొదలైనవి దాని పనులు. నల్లా నీరు మాత్రం 1989 నుండి వేరొక బోర్డు అధీనంలో ఉంది. కావుననే నల్లా బిల్లు వేరు, ఇంటి పన్ను వేరు.

ఇంటి పన్ను ఏ విధంగా కడతారో చాలామంది విద్యావంతులకు సైతం తెలియదు. ఇది ఇంటి ధర మీద వేసే పన్ను కాదు. ఆ ఇంటిని అద్దెకిస్తే ఎంత రాగలదో అంచనా వేసి, ఆ అంచనా మీద వేసే పన్ను. చదరపు అడుగుకు నెలకు ఇంత అని ప్రాంతాన్ని బట్టి బల్దియాయే ఒక రేటు నిర్ణయిస్తుంది. నెలసరి అద్దె విలువ 50 రూపాయలు దాటకపోతే పన్ను లేదు. 100 వరకు 17 శాతం, 200 వరకు 19, 300 వరకు 22, ఆ పైన 30 శాతం. ఉదాహరణకు 500 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు ఒక రూపాయి రేటు అనుకుందాం. నెలకు 500, సంవత్సరానికి 6,000. అందులో 30 శాతం 1,800. కట్టడపు వయసును బట్టి తగ్గింపు ఉంటుంది. అది 10 శాతమైతే 1,620 మిగులుతుంది. దానిపై గ్రంథాలయ సెస్సు 8 శాతం చేరి సుమారు 1,750 రూపాయలు అవుతుంది. (మన పేటలోని గ్రంథాలయానికి ఎన్నడూ పోనివారు సైతం దానిని పోషిస్తున్నారని ఇందువల్ల గ్రహించవచ్చు.)

హెచ్చు విలువ గల ఇల్లు హెచ్చు శాతం చెల్లించవలెననే న్యాయం ఈ మెట్లలో ఉంది. కాని 300 రూపాయల అద్దె సంపన్నుల లక్షణంగా ఉన్న కాలం ఏనాడో గతించింది. పై ఉదాహరణలోని సామాన్య గృహమే చివరి మెట్టు ఎక్కి కూర్చుంది. ఆ ఇల్లూ బంజారాహిల్స్ భవనమూ ఒకే శాతం చెల్లిస్తాయి. వార్షిక పన్ను 1,200 రూపాయలకు మించని గృహస్థులు 101 రూపాయలు మాత్రం చెల్లిస్తే చాలునని 2016లో ప్రభుత్వం ఆదేశించింది. క్రింది మెట్టున ఉన్నవారికి దీనివల్ల ఊరట కలిగింది. పై మెట్లు మాత్రం కదలలేదు. ప్రార్థనా మందిరాలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వపు ఆస్తిపై స్థానిక పన్ను వేయరాదని రాజ్యాంగంలోని 285వ అధికరణం చెబుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాడు తాను పన్ను చెల్లించడం లేదని భ్రమిస్తాడు. యజమాని ఆ భారాన్ని అద్దెలో కలిపే వసూలు చేస్తాడు. పాతనగరపు బస్తీలో ఒక్క గదిలో కాపురమున్న రిక్షా కార్మికుడు కూడా బల్దియా పోషకుడే.

ఇంటి పన్ను కాక భవన నిర్మాణ అనుమతి రుసుములు, వ్యాపార లైసెన్సులు, ఆస్తుల క్రయవిక్రయాలపై రాష్ట్రం వసూలు చేసి పంచే వాటా, ఆర్థిక సంఘాలు సిఫారసు చేసే గ్రాంట్లు ఉన్నాయి. ఇవి చాలనప్పుడు అప్పు తప్పదు. 2018 ఫిబ్రవరిలో బల్దియా బాండ్లు అమ్మి 200 కోట్ల రూపాయలు సేకరించింది. వడ్డీ 8.9 శాతం. ఆ సొమ్ము రహదారులకూ పై వంతెనలకూ ఉద్దేశించినది.

మరి ఇళ్ల మాట ఏమిటి? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు 18 పనులు పేర్కొంది. మురికివాడల అభివృద్ధి అందులో ఉంది, శ్మశానాలు ఉన్నాయి, బందెలదొడ్లు కూడా ఉన్నాయి. గృహనిర్మాణం అనే మాట లేదు! పంచాయతీల కొరకు చేర్చిన పదకొండవ షెడ్యూలులో గ్రామీణ గృహనిర్మాణం ఉండగా, నగరాల జాబితాలో అది లోపించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది.

హైదరాబాదుకు ఈ పని కొత్తది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, 1912లో 'ఆరాయిషె బల్దా' అనే నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. పత్తర్‌గట్టీ దుకాణాల వరుస దాని నిర్మాణమే. మురికివాడలు తొలగించిన చోట్ల పేదలకు ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. కాని ఆ ధనం ప్రభుత్వ ఖజానా నుండి వచ్చింది, ఇంటి పన్ను నుండి కాదు. 1960లో ఆ మండలి రాష్ట్ర గృహనిర్మాణ మండలిలో లీనమైంది. మోరీ ఒకరిది, ఇల్లు మరొకరిది అనే విభజన ఆ విధంగా స్థిరపడింది.

ఈ రెండింటినీ ఒకే పన్నుతో ముడివేసిన నగరం ఒకటుంది. అది ఆస్ట్రియా రాజధాని వియన్నా. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అక్కడి కార్మికులు ఇరుకు గదులలో క్షయవ్యాధితో క్రుంగిపోయారు. 1922లో వియన్నాకు ప్రత్యేక రాష్ట్ర ప్రతిపత్తి లభించి, స్వంతంగా పన్నులు వేసే అధికారం వచ్చింది. నగర ఆర్థిక వ్యవహారాలు చూచే హ్యూగో బ్రైట్నర్ 1923లో గృహనిర్మాణ పన్ను ప్రవేశపెట్టాడు. చిన్న ఇంటికి నామమాత్రం, పెద్ద భవనానికి చాలా ఎక్కువ. మెట్లు నిజంగా మెట్లుగానే ఉండేవి. విలాసాలపై కూడా పన్నులు వేశాడు. ఆ రాబడితోనే కట్టడం వలన వడ్డీ లేదు. కావున అద్దె నిర్వహణ ఖర్చుకు సరిపోతే చాలు. 1934 నాటికి సుమారు 60,000 ఇళ్లు లేచాయి. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఒక్క కట్టడంలోనే 1,382 నివాసాలు, వాటితోపాటు చాకిరేవులు, స్నానశాలలు, శిశువిహారాలు, గ్రంథాలయం ఉన్నాయి. గృహనిర్మాణ పన్నుతో నగరం నిర్మించినదని ఆనాటి గోడల మీద పెద్ద అక్షరాలతో వ్రాశారు. ఈ పన్ను ధనికులకు రుచించలేదు. రాజకీయ వైషమ్యాలు ముదిరి 1934 ఫిబ్రవరిలో ఆ కట్టడం మీద ఫిరంగులు సైతం ప్రేలాయి. అయినను ఆ ఇళ్లలో నేటికీ జనం నివసిస్తున్నారు.

మన బల్దియాకు అట్టి అధికారం లేదు. పన్ను రేట్లకు రాష్ట్ర చట్టమే హద్దు. అందుచేత రెండు పడకగదుల ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ధనం సమకూర్చింది. దానిలో హడ్కో నుండి తెచ్చిన అప్పు కూడా ఉంది. బల్దియా కట్టించే సంస్థగా మాత్రం నిలిచింది. సికింద్రాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇళ్లు పాత బస్తీ ఉన్నచోటనే 2015లో లేచాయి. దీపాలు, మోరీలు, బడులు, బస్సులు అప్పటికే చుట్టూ ఉన్నాయి. ఈ కార్యక్రమంలో నాకు నచ్చినది అదే. నగరం నడుమ ఖాళీ నేల దొరకనప్పుడు ఇళ్లు వెలుపలికి జరిగాయి. 560 చదరపు అడుగుల చొప్పున 15,660 ఇళ్లతో కొల్లూరు సముదాయం 2023 జూన్‌లో ప్రారంభమైంది. బల్దియా కట్టించిన ఆ ఇళ్లు బల్దియా పొలిమేర దాటి, సంగారెడ్డి జిల్లాలో, తెల్లాపూరు పురపాలక సంఘం పరిధిలో ఉన్నాయి. నగరపు పేదలు తరలిపోయింది ఒక చిన్న పురపాలక సంఘపు నేలలోకి. ఇల్లు కట్టిన ధనం ఒక్కమారు వచ్చేది. చెత్త ఎత్తే ధనం ప్రతి నెలా రావలెను. అక్కడ చేరినవారిలో ఎక్కువమంది రోజుకూలీలు, వారి నుండి రాగల పన్ను స్వల్పం.

కనుక 2024లో ఆ విద్యార్థి తన గల్లీ దీపం కొరకు అర్జీ పెట్టుకోవలసింది బల్దియాకు కాదు, తెల్లాపూరుకు. 2025 డిసెంబరులో ఆ తెల్లాపూరును మరి 26 పురపాలికలతోపాటు బల్దియాలో కలిపారు. దీపం వెలిగిందో లేదో అతనిని అడగవలసి ఉంది.