రిమైండరు వేసిన డిటెక్టివు

మా నాన్నగారు చాంపియన్ రీఫ్ గనిలో షిఫ్టు ముగించుకొని వచ్చి, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవలలు చదివేవారు. ఆయన ట్రంకు పెట్టెలో మిగిలినవి చదివి నేనూ యుగంధర్ అభిమానినయ్యాను. నవలలో హంతకుడు చివరి పేజీలోనైనా దొరకక మానడు. లోకంలో అట్లా కాదు గదా!

2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఇళ్ళకు నిప్పు పెట్టగా ఏడుగురు దళితులు సజీవంగా దహనమయ్యారు. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేవరకు ఆ ఊరు మన కోలారు జిల్లాలోనిదే. సాక్షులు కోర్టులో మాట మార్చారు. 2006లో ముద్దాయిలందరూ విడుదలయ్యారు. 2014లో హైకోర్టు ఆ తీర్పునే ఖాయపరచింది. ఏడు ప్రాణాలు పోయిన మాట నిజం. తీసినవారెవరో మాత్రం తేలలేదు.

ఇటువంటి కేసు చల్లారిపోకుండా ఉండాలంటే ఏమి కావాలి? కేరళలో జరిగిన ఒక సంగతి చెబుతాను, చిత్తగించండి.

1992 మార్చి 27న కొట్టాయంలో ఒక కాన్వెంటు బావిలో సిస్టర్ అభయ అనే యువ సన్యాసిని శవం దొరికింది. ఆత్మహత్య అన్నారు పోలీసులు. జోమన్ పుత్తన్‌పురక్కల్ అనే సామాన్యుడు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన పోలీసు కాదు, వకీలు కాదు, పెద్ద చదువులూ లేవు. నలుగురిని కూడగట్టి సంఘం పెట్టాడు. అర్జీ మీద అర్జీ పెట్టాడు. 1993లో కేసు సి.బి.ఐ. చేతికి వచ్చింది. నేరస్థులు దొరకలేదు, కేసు మూసేస్తామని సి.బి.ఐ. ఒకటికి రెండు మార్లు అడిగినా కోర్టు ఒప్పుకోలేదు. 2008లో అరెస్టులు జరిగాయి. 2020 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఒక ఫాదరీకి, ఒక సన్యాసినికి యావజ్జీవ శిక్ష వేసింది. అప్పటికి 28 ఏళ్ళు!

అందులో ముఖ్య సాక్షి ఎవరనుకున్నారు? ఆ రాత్రి పిడుగు తీగలోని రాగి కాజేయడానికి కాన్వెంటులో జొరబడ్డ ఒక దొంగ. చూసింది చూసినట్టు చెప్పాడు. చివరిదాకా మాట మార్చలేదు. పెద్దమనుషులు తప్పిపోయే చోట దొంగ నిలబడ్డాడు.

కథ అంతటితో ముగియలేదు సుమా. అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి, 2022లో కేరళ హైకోర్టు వారిద్దరికీ బెయిలు ఇచ్చింది. తుది మాట కోర్టులది.

నేను గుమాస్తాను. జవాబు రాని కాగితానికి రిమైండరు వేయడం నా నిత్యకృత్యం. జోమన్ చేసిందీ అదే. భూతద్దం పట్టుకొని బూడిద వెదకలేదు. ఫైలును నిద్రపోనివ్వలేదు, అంతే. దానికి ఓపిక చాలు. కాని ఎంతటి ఓపికమంతుడికైనా, కోర్టులో నిలబడి చూసింది చెప్పే ఒక్క మనిషి కావాలి. కంబాలపల్లిలో కరువైంది ఆ మనిషే. భయం లేకుండా సాక్షి మాట్లాడే ఊరు మనం కట్టుకోలేకపోతే, ఎందరు యుగంధర్లు వచ్చినా ఏమి లాభం?