ఒకవైపే నిలిచిన వలపు

పలాస, టెక్కలి కాలేజీల కుర్రకారు ‘వన్ సైడ్ లవ్’ అని చెప్పుకునే అనుభవాన్ని తెలుగునేల మీద పుట్టిన అలంకారశాస్త్రం ఆరు వందల ఏళ్ల కిందటే పరిశీలించి, దానికి శృంగార రసంలో పూర్తి స్థానం ఇవ్వడానికి నిరాకరించింది. రాచకొండను ఏలిన రేచెర్ల సింగభూపాలుడు 14వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ‘రసార్ణవసుధాకరం’లో, ఇద్దరిలో ఒకరికి అనురాగం లేని స్థితికి ‘అరాగం’ అని పేరు పెట్టి, దానిని శృంగారాభాసం కింద చేర్చాడు. ఆభాసం అంటే రసంలా కనిపిస్తూనే రసం కాలేకపోయినది. సీతపై రావణుడికి కలిగిన కోరికను అలంకారికులు తరచు దీనికి ఉదాహరణగా చూపుతారు. ఈ వర్గీకరణలో నీతిబోధ ఎంత ఉన్నా, దాని వెనక ఉన్న తర్కం నేటికీ పనికొస్తుంది: ప్రేమ ఇద్దరి మధ్య ఉండే సంబంధం కనుక, ఒక్కరి మనసులో ఎంత తీవ్రంగా రగిలినా అవతలివారి అంగీకారం లేనిదే అది సంబంధం కాదు.

ఈ స్థితికి తెలుగు సాహిత్యంలో దొరికే అతి సంపూర్ణమైన చిత్రణ 16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన రచించిన ‘మనుచరిత్ర’లోనే ఉంది. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, ఆ లేపం మంచుకు కరిగిపోగా ఇంటిదారి తెలియక వరూధిని అనే అప్సరసను దారి అడుగుతాడు. ఆమె అతడిని వలచి, తన అందాన్నీ మాటకారితనాన్నీ చివరకు కన్నీటినీ ప్రయోగించినా, అతడు ఆమెను తోసివేసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. ఇక్కడున్నది శృంగారమా, శృంగారాభాసమా అన్న చర్చ తెలుగు విమర్శలో చాలాకాలం సాగింది గానీ, నేటి పాఠకుడు ఎక్కువగా పట్టించుకోవలసిన పాత్ర వీరిద్దరూ కాక, కథలో ఆ తర్వాత వచ్చే గంధర్వుడు. అంతకుముందే వరూధినిని కోరి కాదనిపించుకున్న అతడు, ఆమె విరహాన్ని అదనుగా తీసుకుని ప్రవరుడి రూపం ధరించి ఆమెను చేరతాడు. తన నిజరూపం బయటపడకుండా, సంగమ సమయంలో కళ్లు మూసుకోవాలని ఆమెకు షరతు పెడతాడు. మాయాప్రవరుడిగా ప్రసిద్ధుడైన ఈ గంధర్వుడు కోరుకున్నది పొందినట్టే కనిపిస్తాడు, కాని ఆమె పలికిన ఒక్క ప్రియవచనం కూడా అతడిని ఉద్దేశించినది కాదు. వరూధినిని అతడు మోసగించాడు, అందులో సందేహం లేదు. కాని ఆ మోసం నెరవేరడానికి అతడు ముందుగా తనను తాను పూర్తిగా చెరిపేసుకోవలసి వచ్చింది. ఎదుటివారు మెచ్చే రూపం కోసం తన చదువును, స్నేహాలను, మాటతీరును, ఇష్టాయిష్టాలను ఒకటొకటిగా వదులుకునే నేటి యువతీయువకులది కూడా దాదాపు ఆ గంధర్వుడి స్థితే, వారు ఎవరినీ మోసగించకపోయినా.

ఈ ఆకర్షణ అంత మొండిగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం ఇచ్చిన సమాధానాలు ఇటీవలివే. అమెరికన్ మనస్తత్వవేత్త డొరొతీ టెన్నోవ్ 1979లో ప్రచురించిన గ్రంథంలో ‘లిమరెన్స్’ అనే పదాన్ని ప్రవేశపెట్టింది. ఒక వ్యక్తి గురించిన తలపులు అనుమతి లేకుండానే మనసులోకి చొరబడుతూ, ఆ వ్యక్తి నుంచి ప్రతిస్పందన కోసం తహతహలాడే స్థితికి ఆమె పెట్టిన పేరు అది. పూర్తి అంగీకారమో పూర్తి తిరస్కారమో అందితే సడలే ఈ స్థితి, కొంచెం ఆశ, కొంచెం అనిశ్చితి ఉన్నప్పుడు మాత్రం బలపడుతుంది. సందేశం చూసి కూడా బదులివ్వని ఫోను ఆ రెండింటినీ సమపాళ్లలో అందిస్తుంది. మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం 2010లో, ప్రేమలో తిరస్కారానికి గురైన 15 మంది మెదళ్లను స్కానింగ్ ద్వారా పరిశీలించి, మాదకద్రవ్యాల కోసం కలిగే ఆరాటంతో ముడిపడిన భాగాలే వారిలోనూ చురుకుగా ఉన్నట్టు గుర్తించింది. కనుక ‘మరిచిపో’ అన్న ఒక్క మాటతో పని జరగకపోవడం సహజమే.

మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన అధ్యయనం ఇంకా విలువైనది, ఎందుకంటే అది వలచినవారి మాటతో పాటు కాదన్నవారి మాట కూడా విన్నది. వలచినవారు తమకు ఎంతో కొంత ప్రోత్సాహం దొరికిందని, తిరస్కారం స్పష్టంగా చెప్పలేదని గుర్తుచేసుకోగా, కాదన్నవారు అపరాధభావంతోను చికాకుతోను, ఆ సందర్భంలో ఎలా నడుచుకోవాలో తెలియని అయోమయంతోను సతమతమయ్యామని చెప్పారు. వెంటపడేవాడికి పాటలు, డైలాగులు, పట్టు విడవని వీరత్వం సమకూర్చిన తెలుగు సినిమా, కాదనే అమ్మాయి నోట ఒక్క మర్యాదైన వాక్యం పెట్టడానికి దశాబ్దాలు తటపటాయించింది. 1953 నాటి ‘దేవదాసు’ను భగ్నప్రేమికులందరి కులదైవంగా చూడటం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ కథలో పార్వతి, దేవదాసు ఒకరినొకరు ప్రేమించుకున్నవారే.

పలాస పరిసరాల్లోని ఉద్దానం తీరంలో ఈ సమస్యకు మరొక ముఖం ఉంది. కోస్తా జిల్లాల్లో చాలాచోట్ల లాగే ఇక్కడా మేనరికం అలవాటుగా ఉన్న కుటుంబాల్లో, ఉయ్యాలలోని పాపకు మేనత్త కొడుకును చూపి ‘నీ మొగుడు’ అని ఆటపట్టించడం మామూలే. కాని పెద్దలు నవ్వుకుని మరిచిపోయిన ఆ మాటను పిల్లల్లో ఒకరు హక్కుగా, మరొకరు భారంగా మోస్తూ పెరిగితే, అమ్మాయి విశాఖలోనో హైదరాబాదులోనో చదువుకుని కాదన్ననాడు ఆ నిరాశకు పరువు అనే పేరు తోడవుతుంది. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌కో, కూలిపనికి చెన్నైకో వెళ్లిన బావ అక్కడే మరొకరిని ఇష్టపడితే, ఏళ్ల తరబడి అతని కోసం సంబంధాలు కాదన్న మరదలి వేదనను మాత్రం ఎవరూ ప్రేమగా లెక్కించరు. మగవాడి నిరాశ వీధిలో గొడవగా వినిపిస్తుంటే, ఆడపిల్ల నిరాశ ఇంటిపనిలో కలిసిపోవడం ఈ వ్యవహారంలోని పెద్ద అన్యాయం.

నిరాశ వేధింపుగా మారిన చోట చట్టం స్పష్టంగానే ఉంది. స్త్రీ అయిష్టాన్ని స్పష్టంగా తెలిపిన తర్వాత కూడా పదేపదే వెంటపడటాన్ని, సంప్రదించబోవడాన్ని, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడాన్ని భారత శిక్షాస్మృతికి 2013లో చేసిన సవరణ నేరంగా ప్రకటించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం దీనికి మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

అయితే చట్టం దాకా పోని, ఎవరినీ నొప్పించక తమలో తామే కుంగిపోయే వారి సంఖ్యే ఎక్కువ. వీరిని బాధించేది దక్కని మనిషి కంటే, దక్కకపోవడం నుంచి తమ విలువ గురించి తాము తీసిన లెక్క. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పును రంగును బట్టి, పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయన్నదాన్ని బట్టి 240, 320 అని గ్రేడు కట్టి, గుండుకు ఒక ధర, బద్దకు ఒక ధర నిర్ణయిస్తారు; మనిషి విషయంలో అలాంటి కొలబద్ద లేకపోయినా, తిరస్కారానికి గురైన మనసు ఎదుటివారిని కొనుగోలుదారు స్థానంలో కూర్చోబెట్టి తనకు తానే తక్కువ గ్రేడు కట్టుకుంటుంది. మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి వివరిస్తూ వచ్చిన ‘స్వీయ కరుణ’ అనే భావన ఇక్కడ పనికొస్తుంది: కష్టంలో ఉన్న స్నేహితుడితో మాట్లాడినంత మెత్తగా తనతో తాను మాట్లాడుకోవడం, ఈ దెబ్బ తనకొక్కడికే కాక మనుషులందరికీ తగిలేదేనని గుర్తించడం, బాధను దాచకుండా, పెంచి చూడకుండా ఉన్నంత మేరకే గమనించడం అందులోని మూడు అంశాలు. ఆచరణలో దీని అర్థం, స్పష్టమైన జవాబు అడిగి దానిని జవాబుగా స్వీకరించడం, ఆ తర్వాత కొంతకాలం ఆ వ్యక్తి స్టేటస్‌లు, ఫొటోలు చూడటం మానుకోవడం, వదిలేసిన చదువునో పనినో స్నేహాలనో మళ్లీ పట్టుకోవడం. ఇదంతా వారాల్లో తెమిలే పని కాదు.

నిద్ర, తిండి దూరమై, బతుకు మీద విరక్తి కలిగేంత కుంగుబాటు ఉన్నవారు మాత్రం ఓర్చుకుంటూ కూర్చోకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రోజంతా ఉచితంగా అందుబాటులో ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు తమ ఊరి పిల్లలకు తెలిసేలా చూడవలసిన బాధ్యత తల్లిదండ్రులది, ఉపాధ్యాయులది.