గొడ్డును వదిలి ఎట్లా వస్తాం?

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే కోస్తా జిల్లాల్లో బడులతో పాటు హాస్టళ్ళను కూడా పునరావాస కేంద్రాలుగా వాడుతుంటారన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. ట్రంకుపెట్టెలన్నీ ఒక గదిలోకి చేరుస్తారు. వంటశాలలో పెద్ద గుండిగ పొయ్యి మీదికెక్కుతుంది. ట్రాక్టర్లలో, లారీల్లో పల్లెల జనం వచ్చి దిగుతారు. అయితే ఆ దిగినవాళ్ళలో ఇంటికొకరు తక్కువ ఉండటం మీరు గమనించే ఉంటారు. తాతో, నాయనో, మేనత్తో ఊళ్ళోనే ఆగిపోతారు. రెవెన్యూ వాళ్ళు, పోలీసులు ఎంత బతిమాలినా వాళ్ళ నోట ఒకటే మాట: "గొడ్డును వదిలి ఎట్లా వస్తాం?"

దీన్ని మొండితనం అనేవాళ్ళున్నారు. వాళ్ళకు సెంటు భూమి లేని ఇంటి లెక్క తెలియదు. అలాంటి ఇంట్లో పాడిగేదె అంటే నెలజీతం. నాలుగు మేకలంటే బ్యాంకులో వేసిన డబ్బు. జ్వరమొస్తే ఒక మేక, పెళ్ళికి రెండు మేకలు, కొడుకును కాలేజీలో చేర్చడానికి ఒక దూడ. మనలో ఎంతమంది పరీక్ష ఫీజు ఏ మేకపోతును అమ్మితే వచ్చిందో ఒకసారి ఇంట్లో అడిగి చూడండి. ప్రాణం దక్కించుకుని పునరావాస కేంద్రానికి వచ్చి, మూడో రోజు తిరిగి వెళ్ళి ఖాళీ కట్టుగొయ్యను చూడాల్సివస్తే ఆ ఇల్లు మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి విపత్తులో పశువును కాపాడటం అంటే మనిషిని పక్కనపెట్టి గొడ్డు సంగతి చూడటం కాదు. పశువుకు దారి దొరికితేనే దాని మనిషి కూడా కదులుతాడు.

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన గురించి పెద్దలు ఇప్పటికీ తాటిచెట్టంత కెరటం అని చెబుతారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా చనిపోయారు. పశువులైతే లక్షల్లో పోయాయి. ఆ తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగయ్యాయి, మనుషుల మరణాలు బాగా తగ్గాయి. కానీ ఆ షెల్టర్ మెట్లు గేదె ఎక్కలేదు. ఈ విషయంలో బంగ్లాదేశ్ వాళ్ళు ముందే ఒక పని చేశారు. 1970 నాటి భోలా తుఫాను తర్వాత తీరం వెంబడి ఎత్తైన మట్టిదిబ్బలు పోశారు. వాటిని 'కిల్లా'లంటారు. నీళ్ళొస్తే పశువులను ఆ దిబ్బ మీదికి తోలుతారు. పెద్ద ఖర్చుతో కూడిన విద్యేమీ కాదు, మట్టిపని మాత్రమే.

పట్నాల్లో కుక్కలను, పిల్లులను పెంచుకునే వాళ్ళ కథ కూడా వేరుగా లేదు. 2005 ఆగస్టులో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కత్రినా తుఫాను ముంచెత్తింది. జనాన్ని బస్సుల్లో తరలిస్తూ పెంపుడు జంతువులను ఎక్కనివ్వలేదు. ఒక చిన్న పిల్లవాడి చేతుల్లోంచి 'స్నోబాల్' అనే కుక్కపిల్లను పోలీసు లాక్కుంటే, ఆ పిల్లవాడు వాంతి చేసుకునేదాకా ఏడ్చాడని పత్రికల్లో వచ్చింది. దేశమంతా ఆ వార్త చదివి కదిలిపోయింది. మరుసటి ఏడు జరిపిన ఒక సర్వేలో తేలిందేమిటంటే, ఇళ్ళు విడిచి వెళ్ళనివాళ్ళలో 44 శాతం మంది ఆగిపోవడానికి పెంపుడు జంతువులను వదిలి వెళ్ళలేకపోవడం ఒక కారణం. ఫలితంగా 2006 అక్టోబరులో అక్కడ చట్టం చేశారు. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తయారుచేసే విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ ఏర్పాటు ఉండాలన్నారు. మంచిదే. కాని ఆ ఏర్పాటులో పెంపుడు జంతువంటే కుక్క, పిల్లి లాంటివే. ఆవు, గుర్రం దానిలోకి రావు. పేదవాడి గొడ్డును చట్టం మరిచిపోవడం మన దగ్గరే కాదన్నమాట!

ఆ లోటును పూడుస్తున్నది స్వచ్ఛంద కార్యకర్తలే. వాళ్ళు ఎలా పనిచేస్తారో తెలియాలంటే కాలిఫోర్నియా కార్చిచ్చుల సంగతి చెప్పుకోవాలి. 2018 నవంబరు 8 ఉదయం బ్యూట్ కౌంటీ కొండల్లో, కరెంటు లైను దగ్గర పుట్టిన నిప్పు పెనుగాలికి ప్యారడైజ్ అనే ఊరి మీద పడింది. ఊరు కొండ వీపు మీద ఉంది, బయటపడే దారులు తక్కువ. కొన్ని గంటల్లో ఊరు బూడిదైంది. 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఉదయాన్నే పనికి వెళ్ళినవాళ్ళను పోలీసులు తిరిగి ఊళ్ళోకి రానివ్వలేదు. వాళ్ళ కుక్కలు, పిల్లులు, కోళ్ళు, గుర్రాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి.

అక్కడ నార్త్ వ్యాలీ యానిమల్ డిజాస్టర్ గ్రూప్ అని ఒక సంస్థ ఉంది. శిక్షణ పొందిన వాలంటీర్లే దాని బలం. ఇలాంటి బృందాలు మంట కనబడగానే ఎవరికి వారు జీపు వేసుకుని పరుగెత్తవు. ఇది ముఖ్యం. అడ్డుకట్టలు దాటి లోపలికి వెళ్ళాలంటే అధికారుల అనుమతి ఉండాలి, గుర్తింపు కార్డు ఉండాలి, నిప్పంటుకోని బట్టలు వేసుకోవాలి, ఒంటరిగా వెళ్ళకూడదు. లేకపోతే ఫైరింజన్ వాళ్ళకు కాపాడాల్సిన మనుషులు మరో ఇద్దరు పెరుగుతారు, అంతే. ముందు ఫోను దగ్గర కూర్చున్నవాళ్ళు యజమానుల నుంచి వివరాలు రాసుకుంటారు. ఇల్లు ఎక్కడ, ఎన్ని జంతువులు, ఏ గదిలో ఉంటాయి, తాళం ఎక్కడ, కరుస్తుందా, మందులేమైనా వాడుతున్నారా. ఆ చీటీ పట్టుకుని బృందం వెళుతుంది. నా ఉద్దేశంలో ఆ పనిలో సగం ఘనత ఈ చీటీ రాసేవాళ్ళదే. వాళ్ళ ఫొటోలు పేపర్లో రావు.

అన్నిటినీ బయటకు తీసుకురావాలని కూడా చూడరు. ఇల్లు చెక్కుచెదరకుండా ఉండి, మంట దాటిపోయి ఉంటే జంతువును అక్కడే ఉంచి రోజూ వెళ్ళి మేత, నీళ్ళు పెట్టి వస్తారు. కొత్త చోట వంద జంతువుల మధ్య బెదిరిపోవడం కన్నా అదే మేలు. తేవాల్సి వస్తే పిల్లులది ఒక తంటా. పొగకు భయపడి మంచం కిందికో, గోడ సందులోకో దూరుతాయి. గోళ్ళతో చీరేస్తాయి. దిండు గలీబులో వేసి మూతి పట్టుకోవడం వాళ్ళు వాడే ఉపాయాల్లో ఒకటి. పెద్ద జంతువులను గ్రిడ్లీ అనే ఊళ్ళో ఏటా సంత జరిగే మైదానానికి చేర్చారు. ప్రతిదానికీ ఫొటో, నెంబరు, దొరికిన చోటు రాశారు. మంట ఆరిన తర్వాత కూడా నెలల తరబడి రాత్రిళ్ళు బూడిదలో కెమెరాలు, బోనులు పెట్టి పిల్లులను పట్టి యజమానులకు అప్పగించిన వాలంటీర్లున్నారు.

మాడిసన్ అనే కుక్క కథ అప్పట్లో అన్ని దేశాల పత్రికల్లో వచ్చింది. ఇల్లు కాలిపోయినా అది ఆ చోటును వదల్లేదు. దాన్ని పట్టుకోవడం కుదరక ఒక వాలంటీరు అక్కడే తిండి, నీళ్ళు పెడుతూ, వాసన పోల్చుకుని ధైర్యంగా ఉండటానికి యజమాని బట్ట ఒకటి ఆ చోట పెట్టింది. దాదాపు నెల తర్వాత యజమానులను ఊళ్ళోకి అనుమతించినప్పుడు కుక్క అక్కడే కాపలా కాస్తూ కనిపించింది.

గుర్రాల సంగతి ఇంకా కష్టం. నిప్పును చూసి బెదిరిన గుర్రం తనకు తెలిసిన చోటే క్షేమమనుకుని మండుతున్న కొట్టంలోకే తిరిగి పరుగెడుతుంది. అందుకే బయటకు తోలిన వెంటనే తలుపు మూసేయాలని శిక్షణలో చెబుతారు. నైలాన్ పగ్గం, నైలాన్ తలకట్టు తీసేయాలి. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. తీసుకుపోవడానికి వ్యవధి లేకపోతే గిట్ట మీదనో, ఒంటి మీదనో యజమాని ఫోన్ నెంబరు రాసి వదిలేస్తారు. 2017 డిసెంబరులో దక్షిణ కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ రే డౌన్స్ అనే పందెపు గుర్రాల శిక్షణ కేంద్రానికి నిప్పంటుకుంది. పనివాళ్ళు, శిక్షకులు వందల గుర్రాల కొట్టాల తలుపులు తెరిచి వదిలారు. కొందరు కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు. అయినా 46 గుర్రాలు చనిపోయాయి. మిగిలినవాటి కోసం చుట్టుపక్కల జనం తమ ట్రైలర్లు తోలుకుని వచ్చారు.

అదే నెలలో మొదలైన మరో కార్చిచ్చులో రెండు ఎలుగుబంట్లు, ఒక కొండచిరుత కూన అరికాళ్ళు కాలి దొరికాయి. అక్కడి పశువైద్యులు వాటి పాదాలకు ఏం కట్టారో తెలుసా? మన చెరువుల్లో దొరికే జిలేబీ చేప చర్మం! తిలాపియా అనేది దాని అసలు పేరు. ఈ చర్మంలో కొల్లాజెన్ అనే పదార్థం ఎక్కువ. శుద్ధి చేసి పుండు మీద కుడితే నొప్పి తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, కొత్త చర్మం త్వరగా వస్తుంది. కాలిన మనుషులకు ఈ వైద్యం బ్రెజిల్‌లో మొదలైంది. ఎలుగుబంటికి చేప కట్టు కడితే పీకి తింటుంది కదా అని మీకు సందేహం రావచ్చు. వాళ్ళకూ వచ్చింది. అందుకే దాని మీద మొక్కజొన్న పొత్తి ఆకులతో ఇంకో చుట్టు చుట్టారు.

ఆస్ట్రేలియాలో 2019-20 కార్చిచ్చులకు దాదాపు 300 కోట్ల అడవి ప్రాణులు చనిపోవడమో, చెల్లాచెదురు కావడమో జరిగిందని అంచనా. వాటిలో బల్లులు, పాములు, తొండల జాతివే ఎక్కువ. అడవి మండితే జింక పరుగెత్తగలదు. తాబేలుకు, గూట్లో పిల్లకు దారి ఉండదు. అక్కడ 'బేర్' అనే కుక్క కాళ్ళకు బూట్లు తొడుక్కుని కాలిన అడవుల్లో తిరుగుతూ, చెట్ల మీద మిగిలిన కోలాలను వాసన పట్టి చూపించింది. మరీ అల్లరిదని ఎవరో వదిలించుకున్న కుక్క అది. మన నల్లమల, శేషాచలంలోనూ ఎండాకాలం మంటలు మామూలే. 2014 మార్చిలో తిరుమల కొండల మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసివచ్చింది.

మన దేశంలో ఈ పని బాగా చేస్తున్న చోటు అస్సాంలోని కాజీరంగా. బ్రహ్మపుత్ర పొంగితే ఖడ్గమృగాలు, జింకలు, ఏనుగులు జాతీయ రహదారి దాటి కార్బీ కొండలెక్కుతాయి. ఆ రోజుల్లో రోడ్డు మీద వాహనాల వేగం తగ్గిస్తారు. ఎన్నింటికి బయలుదేరారో రాసిన చీటీ డ్రైవరుకిచ్చి, అవతలి గేటు దగ్గర సమయం చూసి, తొందరగా వచ్చినవాళ్ళకు జరిమానా వేస్తారు. తల్లి తప్పిపోయిన కూనలు కనిపిస్తే ఊళ్ళవాళ్ళు కబురు చేస్తారు. 2002లో నెలకొల్పిన వన్యప్రాణి పునరావాస కేంద్రంలో వాటిని సాకి మళ్ళీ అడవిలో వదులుతారు. 2018 కేరళ వరదల్లో త్రిశూర్‌లో ఒకావిడ తన 25 కుక్కలను తీసుకెళ్తేనే పడవెక్కుతానని భీష్మించింది. రక్షకులు ఒక జంతు సంక్షేమ సంస్థకు ఫోను చేస్తే, వాళ్ళ వాలంటీర్లు వచ్చి అన్నిటినీ బయటకు తెచ్చారు. ఆవిడా బతికింది.

ఇక మన సంగతి. తుఫాన్ల కాలం అక్టోబరు, నవంబరు. అంటే దసరా, దీపావళి సెలవులకు మనం ఇళ్ళ దగ్గర ఉండే అవకాశమున్న రోజులు. హెచ్చరిక వచ్చిన రోజే ఊళ్ళో గట్టు ఎక్కడుందో, చెరువుకట్ట ఎంత ఎత్తో, ఏ ఇంట్లో ఎన్ని గొడ్లున్నాయో ఒక కాగితం మీద రాసి పంచాయతీలో ఇవ్వడం పదో తరగతి పిల్లవాడు కూడా చేయగల పని. చీకటి పడకముందే గొడ్లను మెరకకు తోలాలి. తోలలేకపోతే కట్టు విప్పాలి. గేదె మంచి ఈతగత్తె, అయినా పలుపు మెడకు ఉన్న గేదె కట్టుకొయ్య దగ్గరే మునిగిపోతుంది. పలుపును ఒక్క లాగుకు ఊడివచ్చే ముడి వేయడం ఇంట్లో అందరికీ నేర్పండి. ఎండుగడ్డిని ఎత్తు మీద పట్టా కప్పి పెట్టండి, తడిసి బూజు పట్టిన గడ్డి విషమవుతుంది. వరద తర్వాత ఆవుగేదెలకు గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలకు చిటుక రోగం వస్తాయి కనుక వానలకు ముందే టీకాలు వేయించాలి. ప్రవాహంలోకి మాత్రం ఎవరూ దిగవద్దు. అది తాళ్ళు, పడవలు, లైఫ్ జాకెట్లు ఉన్నవాళ్ళ పని.

పోయిన పశువుకు పరిహారం ఉందన్న సంగతి చాలా ఇళ్ళలో తెలియదు. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల్లో పాడి ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, దూడకు 20,000, మేకకు, గొర్రెకు 4,000గా పెట్టారు. పెద్ద పాడిపశువులైతే ఇంటికి మూడింటి వరకు, మేకలు, గొర్రెలైతే ముప్పై వరకు ఇవ్వాలన్నారు. అయితే పశువు ఉన్నట్టు, పోయినట్టు రుజువు కావాలి. శవం కొట్టుకుపోతే, లేదా కంపు భరించలేక తొందరపడి పూడ్చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. అందుకని ముందే పశువుల ఆసుపత్రిలో చెవికి పన్నెండు అంకెల పసుపు ట్యాగు వేయించి, ఆ నెంబరు కనబడేటట్టు పశువు పక్కన ఇంటివాళ్ళను నిలబెట్టి ఫొటో తీసి ఉంచండి. పోయిన తర్వాత పశువైద్యుడు చూసి రాసేదాకా ఆగి, ఆ పైన లోతైన గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాలి. ట్యాగు నెంబరును నోటుబుక్కు అట్ట మీద కూడా రాసిపెట్టుకోండి, ఫోను తడిసినా పుస్తకం హాస్టల్లో ఉంటుంది.

— ఒక పూర్వ విద్యార్థి