విషమును శ్వాసించు సూక్ష్మజీవి

ఉన్నివస్త్రములను శుభ్రపరచు డ్రైక్లీనింగు దుకాణములును, లోహపు పనిముట్లకంటిన జిడ్డును వదలించు కర్మాగారములును, విమానములను మరమ్మతు చేయు స్థావరములును దశాబ్దముల తరబడి వాడిన టెట్రాక్లోరోఎథిలీన్, ట్రైక్లోరోఎథిలీన్ అను ద్రావకములు నీటికంటె బరువైనవి. అందుచేత నేలపై ఒలికినది భూగర్భజలముపై తేలక, దానిని దాటి అడుగునకు దిగి, గట్టి పొరపై నిలిచి, కొద్దికొద్దిగా కరగుచు ఏండ్ల తరబడి నీటిని చెరచుచుండును. అమెరికాలో త్రాగునీట వీనిలో ఒక్కొక్కదానికి విధించిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు మాత్రమే. నీటిని పైకి తోడి శుద్ధిచేయు పద్ధతి ఉన్నది గాని, అడుగున నిలిచినది కరగుచున్నంత కాలము పంపులకు విశ్రాంతి లేదు.

1997లో కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, ఇథాకా పట్టణపు మురుగునీటి శుద్ధికేంద్రపు బురదనుండి పెంచిన ఒక సూక్ష్మజీవిని వేరుపరచి లోకమునకు తెలిపిరి. డీహాలోకాకాయిడిస్ అని దాని పేరు. ప్రాణవాయువు సోకిన చోట అది బ్రతుకజాలదు. మనము ప్రాణవాయువును వాడుకొనునట్లే అది ఈ ద్రావకములను శ్వాసకు వాడుకొనును. ఉదజని నుండి ఎలక్ట్రానులను గ్రహించి ద్రావకమున కందించును. అందించిన ప్రతిపర్యాయమును ఒక క్లోరిన్ పరమాణువు ఊడి, ఆ స్థానమున ఉదజని చేరును. నాలుగు క్లోరిన్లు మూడై, రెండై, ఒకటై, తుదకు కాయలను మాగజేయు నిరపాయమైన ఎథిలీన్ వాయువు మిగులును. ఆ ఉదజనిని దానికి సమకూర్చునవి ఇరుగుపొరుగు బాక్టీరియాలే. బావులగుండ సోయానూనెనో, మొలాసిస్‌నో నేలలోనికి పంపినచో అవి దానిని పులియబెట్టి ఉదజనిని పుట్టించును.

ఇచట నొక ప్రమాదము పొంచియున్నది. ఒక్క క్లోరిన్ మిగిలిన స్థితిలో నుండునది వినైల్ క్లోరైడ్. మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ధారణ యైన పదార్థమది, దాని పరిమితి 2 మైక్రోగ్రాములే. తొలిమెట్లు దిగగల బాక్టీరియాలు పెక్కు గలవు, కడమెట్టు దిగగలవి మిక్కిలి అరుదు. డీహాలోకాకాయిడిస్‌లోను అన్ని శాఖలకు అందుకు వలయు జన్యువు లేదు. టెక్సాస్‌లోని కెల్లీ వైమానిక స్థావరమున ఈ జీవి నేలలో లేకపోవుటచే, ఆహార మొక్కటే అందించిన భాగమున పని రెండు క్లోరిన్లు మిగిలిన చోటనే నిలిచిపోయెను. ప్రయోగశాలలో పెంచిన బాక్టీరియా సముదాయమును చొప్పించిన భాగమున సుమారు 200 దినములలో ద్రావకములు 5 మైక్రోగ్రాములకు దిగువకు తగ్గి, ఎథిలీన్ వెలువడెను.

కావున ఈ చికిత్సకు పూనుకొను అధికారులు ముందుగ ఆ జీవిని, ఆ జన్యువును నేలలో వెదకించవలెను. టెట్రాక్లోరోఎథిలీన్ తగ్గినదన్న నివేదికను చూచి బావిని ప్రజలకు విడువరాదు. వినైల్ క్లోరైడ్ ఎంత మిగిలినదో, ఎథిలీన్ ఎంత పుట్టినదో చూపుమని ఆ నీరు త్రాగు ప్రతివారును అడుగవలెను.