నిలిపి ఉంచిన చిన్న విమానానికి పెనుగాలి నుండి రక్షణ

2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేపట్టిన మేఘమథన కార్యక్రమంలో అనంతపురం జిల్లా కూడా చేరింది. మేఘమథనానికి వాడే విమానం ఎగిరే కాలం కంటే నేలపై మేఘం కోసం వేచి ఉండే కాలమే ఎక్కువ. అది ఎదురుచూసే క్యుములోనింబస్ మేఘమే దానికి ముప్పు కూడా. వాన చినుకు పడకముందే ఆ మేఘం నుండి దిగిన చల్లగాలి నేలను తాకి నలువైపులా విస్తరిస్తుంది. కొత్తచెరువు సమీపంలోని పుట్టపర్తి విమానాశ్రయం వంటి మెట్ట ప్రాంతాలలో ఈ గాలికి అడ్డు తక్కువ.

నేలపై నిలిచి ఉన్నా రెక్క తన ధర్మం మానదు. గాలి వేగం రెట్టింపైతే ఎత్తుబలం నాలుగింతలవుతుంది. సెస్నా 172 వంటి విమానం పూర్తి బరువుతో గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం వద్దనే గాలిలో నిలువగలదు. ఖాళీగా ఉన్నప్పుడు అంత గాలి కూడా అక్కరలేదు.

కావున ముక్కును గాలికి ఎదురుగా నిలిపి, రెండు రెక్కలను, తోకను వేర్వేరుగా కట్టాలి. ప్రతి తాడు సుమారు 1,360 కిలోల లాగుడుకు తట్టుకోవాలి. నార తాడు తడిస్తే బిగుసుకొని విమానాన్నే వంచుతుంది. నైలాన్ తాడు మేలు. అసలు బలహీనత తాడులో కాక గుంజలో ఉంటుంది. ఎండలో రాయిలా ఉండే ఎర్రనేల తడవగానే పట్టు వదులుతుంది. ఎద్దును కట్టే గుంజ ఇక్కడ చాలదు. కాంక్రీటులో పాతిన ఇనుప కడియమే నమ్మదగినది. గాలి దిశ మారవచ్చును గనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు పెట్టి, చుక్కానిని, ఎలివేటరును కదలకుండా బిగించాలి.